కీమో పోర్టుతో ఇంటి దగ్గర: ఆసుపత్రి హైదరాబాదుల, మనిషి ఊర్లె

పాకాల_ఒడ్డు (నర్సంపేట వైపు)

అందరికి నమస్తే. అమ్మకు పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయింది. ఇప్పుడు ఫాల్‌ఫాక్స్ కీమో (రెండు మూడు మందులు కలిపి ఇచ్చేది), 14 రోజులకోసారి, మొత్తం 12 సార్లు అన్నరు. కుడి పక్క కాలర్ ఎముక కింద పోర్టు పెట్టిండ్రు. కీమో హైదరాబాదుల, ఉండేది ఊర్లె. డిశ్చార్జి కాగితంల "పోర్టు జాగ్రత్త" అని ఒక్క ముక్క రాసి ఉంది. ఏం జాగ్రత్త పడాలె? నీరసం వస్తే పోర్టులకెల్లే సెలైన్ ఎక్కిస్త అంటుండు మా ఊరి ఆర్‌ఎంపీ, చేతి నరాలు దొరుకుతలేవు కదా అని. ఎక్కించొచ్చా? కీమో అయినంక 46 గంటల పంపు తగిలించి ఇంటికి పంపుతరంట. దాంతోటి బస్సుల రావొచ్చా? ఎండలు చూస్తే భయమైతంది.

డేకేర్_సిస్టర్ (ఆంకాలజీ నర్సు, హనుమకొండ)

తమ్మీ, ముందు ఆర్‌ఎంపీ సంగతి. వద్దు. ఆయన మంచోడా కాదా అన్నది కాదు లెక్క, ఆయన దగ్గరున్న సూది లెక్క.

పోర్టు అంటే చర్మం కింద కూర్చునే చిన్న డబ్బీ. టైటానియంతోనో గట్టి ప్లాస్టిక్‌తోనో చేస్తరు, అడ్డం 2.5 నుంచి 3 సెంటీమీటర్లు ఉంటది. పైన మందపాటి సిలికాన్ పొర. డబ్బీ పక్కకెల్లి సన్నటి గొట్టం బయలుదేరి, మెడలోని పెద్ద సిర లోపలికి పోయి, గుండె కుడి పై గది మొదట్ల ఆగుతది. అక్కడ రక్తం జోరుగ పారుతది కాబట్టి చేతి నరాన్ని కాల్చే మందు కూడ పడంగనే పలచనైతది. పోర్టు పెట్టేదే అందుకు.

మామూలు ఇంజెక్షన్ సూది ఆ సిలికాన్‌ను కోసుకుంట దిగుతది. గుచ్చినప్పుడల్లా సన్నటి తునక ఊడొస్తది, ఆ బొక్క మళ్ల మూసుకోదు. సెలైన్ రోజు ఏం తెల్వదు. తర్వాత కీమో ఎక్కించినప్పుడు మందు బొక్కలకెల్లి చర్మం కిందికి కారితే అప్పుడు తెలుస్తది. పోర్టు కోసమే చేసిన హ్యూబర్ సూది మొన వంపు తిరిగి ఉంటది, పొరను కోయకుండ పక్కకు జరుపుకుంట దిగుతది. తీసినంక పొర కలిసిపోతది. దానితోటైతే 1000 నుంచి 2000 పోట్ల దాకా ఆగుతది. కాబట్టి ఇంట్ల అందరికీ ఒకటే మాట చెప్పుండ్రి: హ్యూబర్ సూది లేనోళ్లు పోర్టు ముట్టొద్దు.

ఇంకొకటి, సిరంజి. 10 మిల్లీలీటర్ల కన్నా చిన్న సిరంజి పోర్టుకు పెట్టొద్దు. సిరంజి ఎంత చిన్నదైతే లోపల ఒత్తిడి అంత ఎక్కువ పుడతది. గొట్టం చిట్లొచ్చు, డబ్బీ దగ్గర ఊడొచ్చు. మందు 2 మిల్లీలీటర్లే ఉన్నా సరే, ముందు 10 సిరంజితోటి సెలైన్ పంపి, దారి ఖాళీగ ఉందని చూసుకున్నంకనే మిగతాది.

అమ్మ నీరసపడ్డదంటే సెలైన్ గురించి ఆలోచించే ముందు జ్వరం చూడుండ్రి, విరేచనాలు ఎన్నిసార్లు అయినయో అడుగుండ్రి. ఈ కీమోల నీరసం వెనుక చాలాసార్లు ఈ రెండిట్ల ఒకటి ఉంటది. అట్లయితే సెలైన్‌తోటి పోదు, ఆసుపత్రికి పోవాలె.

కోట_వీధి (సంరక్షకురాలు, ఖిలా వరంగల్)

సిస్టర్ చెప్పినదానికి ఒకటి కలుపుతాను. పోర్టు పెట్టినప్పుడు చిన్న కార్డు ఇస్తారు, దాని మీద కంపెనీ, మోడల్, లాట్ నంబర్, పెట్టిన తేదీ ఉంటాయి. ఇవ్వకపోతే అడిగి తీసుకోండి. ఆపరేషన్ నోట్సులో పోర్టు స్టిక్కర్ అతికించి ఉంటుంది, దాన్ని ఫోటో తీసుకున్నా చాలు. సీటీ స్కాన్ దగ్గర, ఎంఆర్‌ఐ దగ్గర, రాత్రిపూట క్యాజువాలిటీలో మొదట అడిగేది అదే. ఆరోగ్యశ్రీ మీద చికిత్స అయితే పోర్టు సామాను ప్యాకేజీలో వస్తుందా, బయట కొనాలా అన్నది ఆపరేషన్‌కు ముందే ఆరోగ్యమిత్రను అడగండి. తర్వాత అడిగితే బిల్లు మారదు.

పాకాల_ఒడ్డు

అక్కా, సిస్టర్, మస్తు క్లియర్ అయింది. ఆర్‌ఎంపీకి చెప్పేసిన. మరి కీమో లేని రోజులల్ల పోర్టుకు రోజూ ఏమన్న చేయాల్నా?

డేకేర్_సిస్టర్

రోజూ చేసేది చూసుడు ఒక్కటే. స్నానమప్పుడు అద్దంల చూడాలె: ఎరుపు, వాపు, చీము, పోర్టు అంచు మీద చర్మం పలచబడి నిగనిగ మెరుస్తున్నదా. కుడి చెయ్యి, మెడ, మొకం ఉబ్బినయా. వేళ్లతోటి పోర్టును తిప్పి చూసుడు, ఒత్తి చూసుడు వద్దు.

వాడకున్నా నాలుగు వారాలకోసారి ఫ్లష్ (సూది పెట్టి లోపల సెలైన్‌తోటి కడుగుడు) చేయించాలె. మీకైతే 14 రోజులకోసారి ఎట్లాగూ సూది పడుతది, కాబట్టి కీమో నడిచినన్ని రోజులు వేరే ఫ్లష్ అక్కర్లేదు.

ఎవరు చేసినా మీరు పక్కన నిలబడి చూడాల్సినవి చెప్త. చేసేటోళ్లకు, అమ్మకు ఇద్దరికీ మాస్కు. అమ్మ మొకం ఎడమ పక్కకు తిప్పాలె. చేతులు కడిగి స్టెరైల్ గ్లౌజు. క్లోర్‌హెక్సిడిన్ 2 శాతం ఆల్కహాల్ కలిసినది 30 సెకన్లు రుద్దాలె, తర్వాత దానంతట అదే ఆరాలె. ఊదొద్దు, దూదితోటి తుడవొద్దు, ఆరేటప్పుడే అది పని చేస్తది. అయోడిన్ అయితే 2 నిమిషాలు ఆగాలె. పోర్టును మూడు వేళ్ల నడుమ కదలకుండ పట్టి, సూది నిలువుగ దింపాలె, అడుగు తగిలేదాక. తగిలినంక తిప్పొద్దు, ఊపొద్దు, మొన వంగి తీసేటప్పుడు పొరను చీలుస్తది.

తర్వాత సిరంజి మెల్లగ వెనక్కి గుంజితే ఎర్రటి రక్తం రావాలె. అది రాకుండ కీమో మొదలుపెట్టొద్దు. వచ్చినంక సెలైన్ 10 మిల్లీలీటర్లు, ఆగి ఆగి నెట్టాలె. ఆ తోపుకు లోపల అంటుకున్న రక్తం కడుక్కుపోతది, ఒకే ధారగ పంపితే అంచులు కడగబడయి. రక్తం తీసినంకనో, ఎక్కించినంకనో 20 మిల్లీలీటర్లు. ఆఖరికి హెపారిన్ లాక్ (రక్తం గడ్డకట్టకుండ ఆపే మందు లోపల నింపి ఉంచుడు), చివరి అర మిల్లీలీటర్ నెడుతుండంగనే క్లాంపు (గొట్టాన్ని నొక్కి మూసే క్లిప్పు) వేయాలె. నెట్టుడు ఆపినంక వేస్తే గొట్టం చివరలకు రక్తం వెనక్కి గుంజుకుంటది, గడ్డ అక్కడ్నే మొదలైతది.

మందుల_లెక్క (ఫార్మసిస్టు, కరీంనగర్)

హెపారిన్ మాట వచ్చింది కాబట్టి ఇది జాగ్రత్తగా చదవండి. పెద్దవాళ్ల పోర్టుకు ఎక్కువ ఆసుపత్రులు వాడే లాక్ మిల్లీలీటరుకు 100 యూనిట్లు, 5 మిల్లీలీటర్లు. మందుల షాపులో 5 మిల్లీలీటర్ల సీసాలు రెండు రకాలు దొరుకుతాయి: సీసా మొత్తం 5000 యూనిట్లు ఉన్నది ఒకటి, సీసా మొత్తం 25000 యూనిట్లు ఉన్నది ఇంకొకటి. మొదటిదాంట్లో మిల్లీలీటరుకు 1000, రెండోదాంట్లో మిల్లీలీటరుకు 5000. "5000 హెపారిన్ ఇవ్వు" అని నోటితో అడిగితే రెండిట్లో ఏదైనా చేతికి రావచ్చు, రెండిటి మీదా ఎక్కడో ఒకచోట 5000 అంకె ఉంటుంది మరి. చీటీ మీద మిల్లీలీటరుకు ఎన్ని యూనిట్లో రాయించుకోండి.

కలిపే లెక్క: మిల్లీలీటరుకు 1000 ఉన్నదైతే 1 మిల్లీలీటర్ హెపారిన్, 9 సెలైన్. మిల్లీలీటరుకు 5000 ఉన్నదైతే 0.2 మిల్లీలీటర్ హెపారిన్, 9.8 సెలైన్. రెండు దారుల్లోనూ 10 మిల్లీలీటర్లలో 1000 యూనిట్లు వస్తాయి, అందులో 5 వాడి మిగతాది పారేయాలి. ఈ కలపడం నర్సు పని. మీరు లెక్క తెలుసుకోవాల్సింది సీసా చూసి అడగడానికి. ప్లేట్‌లెట్లు బాగా పడిపోయినవాళ్లకు, హెపారిన్ పడనివాళ్లకు సెలైన్ ఒక్కటే వాడతారు.

ఫాల్‌ఫాక్స్ వాళ్లకు ఇంకొకటి. అందులోని ఆక్సాలిప్లాటిన్‌కు ఉప్పునీరు పడదు, అది 5 శాతం డెక్స్‌ట్రోజ్‌లోనే ఎక్కుతుంది. కాబట్టి ఆ మందుకు ముందూ వెనకా దారి కడగాల్సింది డెక్స్‌ట్రోజ్‌తో. దాని వెనకాలే వచ్చే ఫ్లోరోయురాసిల్ క్షార గుణం ఉన్నది, రెండూ ఒకే గొట్టంలో కలవకూడదు.

మానేరు_గట్టు (పెద్దపల్లి)

నాలుగు వారాలు అన్నరు సిస్టర్. మా దగ్గర మూడు నెలలకోసారి చాలు అంటున్నరు. ఏది నమ్మాలె?

డేకేర్_సిస్టర్

రెండూ ఉన్నయి. నాలుగు వారాలు పాత లెక్క, పోర్టుతోపాటు వచ్చే కాగితంల అదే రాసి ఉంటది. చికిత్స అయిపోయినోళ్లకు 12 వారాలకోసారి చేసినా మూసుకుపోవుడు పెరగలేదని చూసి చాలా చోట్ల అట్ల మార్చుకున్నరు. మీ ఆంకాలజిస్టు ఏది చెప్తే దానికే ఉండుండ్రి. ఒకసారి నాలుగు వారాలు, ఒకసారి ఐదు నెలలు అట్ల ఇష్టమొచ్చినట్టు మాత్రం చేయకుండ్రి.

మానేరు_గట్టు

ఇంకో ముచ్చట. సెలైన్ మంచిగ పోతది, రక్తం మాత్రం వెనక్కి వస్తలేదు. "పోతున్నది కదా, కీమో ఎక్కిద్దాం" అంటే ఒప్పుకోవాల్నా?

డేకేర్_సిస్టర్

ఒప్పుకోవద్దు. సెలైన్ పోతున్నదంటే ఎక్కడికో పోతున్నదని అర్థం, నరంలకే పోతున్నదని కాదు. గొట్టం చివర చుట్టూ ఫైబ్రిన్ అనే పలచటి తొడుగు పెరుగుతది. నెడితే అది తెరుసుకుంటది, గుంజితే మూతలాగ పడుతది. ఎక్కువసార్లు కారణం ఇదే. కాని తొడుగు గొట్టం పొడుగునా పెరిగి ఉంటే మందు దాని వెంబడి వెనక్కి వచ్చి చర్మం కింద దిగొచ్చు.

వరుసగ చేసేది ఇది. ముందు సూది పొడుగు చాలిందా చూడాలె, ఒళ్లున్న మనిషికి 19 మిల్లీమీటర్ల సూది అడుగుకు తగలకపోవచ్చు, 25 కావాల్సి వస్తది. తర్వాత మనిషిని పడుకోబెట్టి, కూర్చోబెట్టి, చెయ్యి పైకి ఎత్తించి, మెడ తిప్పించి, దగ్గించి గుంజి చూడాలె. 10 సెలైన్ ఆగి ఆగి నెట్టి మళ్ల గుంజాలె. అప్పటికీ రాకపోతే గడ్డ కరిగించే మందు, ఆల్టెప్లేజ్ 2 మిల్లీగ్రాములు 2 మిల్లీలీటర్లల్ల పోర్టుల పెట్టి, 30 నిమిషాలకు ఒకసారి, రాకపోతే 120 నిమిషాలకు ఒకసారి చూస్తరు. కొన్ని చోట్ల యూరోకైనేజ్ వాడుతరు. అదీ పని చేయకపోతే ఎక్స్‌రే, అవసరమైతే పోర్టుల రంగు మందు పంపి స్కాన్. బలంగ నెట్టి గడ్డను తోసేద్దాం అన్న ఆలోచన మాత్రం ఎవరికీ రావొద్దు.

కోత_కుట్టు (సర్జన్, వరంగల్)

చెయ్యి ఎత్తితే బాగా పారి, దించితే ఆగిపోయే పోర్టు గురించి విడిగా చెప్పాలి. గొట్టం కాలర్ ఎముక కింది సిర గుండా వెళ్లినప్పుడు ఆ ఎముకకూ మొదటి పక్కటెముకకూ మధ్య నలుగుతుంది. చెయ్యి కదిలినప్పుడల్లా కత్తెర పడ్డట్టే. నెలల మీద తెగి, తెగిన ముక్క గుండెలోకి కొట్టుకుపోవచ్చు. ఈ లక్షణం కనిపిస్తే చేతులు కిందికి దించి ఛాతీ ఎక్స్‌రే తీయించాలి, అక్కడ గొట్టం సన్నబడి కనిపిస్తే పోర్టు తీసేయడమే. అందుకే ఇప్పుడు అల్ట్రాసౌండు చూస్తూ మెడ సిరలోంచి పెట్టడానికే మొగ్గుతున్నాం, అందులో నలిగే చోటు లేదు.

పెట్టిన కొత్తలో చూసుకోవాల్సినవి: మొదటి రెండు మూడు రోజుల్లో ఆయాసం, ఊపిరి తీస్తే పొడుచుకున్నట్టు నొప్పి వస్తే ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందేమో ఎక్స్‌రే తీయాలి. చుట్టూ నీలం మచ్చ, కొద్దిగా నొప్పి మామూలే. కుట్లు 10 నుంచి 14 రోజుల్లో తీస్తారు, కరిగే దారమైతే తీయనక్కర్లేదు. రెండు వారాల పాటు ఆ చేత్తో 4, 5 కిలోల కన్నా ఎత్తవద్దు. అలాగని చెయ్యిని కట్టేసినట్టు కదపకుండా ఉంచవద్దు, భుజం పట్టేస్తుంది. తల దువ్వుకోవడం, జాకెట్టు వేసుకోవడం మొదటి రోజు నుంచే చేసుకోవచ్చు.

గాటు మీద పసుపు రాయవద్దు. ఇది మన ఇళ్లలో అందరూ ప్రేమతో చేసే పని, అందుకే గట్టిగా చెబుతున్నాను. వంటింటి పసుపు స్టెరైల్ కాదు. దానికి తోడు ఆ రంగు కింద ఎరుపు మొదలైనా కనిపించదు. కొబ్బరినూనె, పౌడరు కూడా అంతే.

రొమ్ము క్యాన్సర్ వాళ్లకు పోర్టు రెండో పక్క పెడతాం. చెయ్యి లేదా మెడ ఒక పక్కే వాచి, ఛాతీ మీద కొత్తగా నరాలు తేలితే గడ్డకట్టినట్టు అనుమానించి డాప్లర్ (నరాల్లో రక్తం పారేది చూసే స్కాన్) చేయించాలి. గడ్డ ఉందని తేలినా పోర్టు పని చేస్తుంటే చాలాసార్లు దాన్ని ఉంచే, రక్తం పలచబడే మందులతో నడిపిస్తాం.

పాకాల_ఒడ్డు

సార్, పసుపు నిన్ననే పెట్టబోయిండ్రు ఇంట్ల, ఆపిన. పంపు సంగతి ఎవరన్న చెప్పుండ్రి, వచ్చే వారమే మొదటిది.

మందుల_లెక్క

ఆ పంపులో ఉండేది ఫ్లోరోయురాసిల్. మామూలుగా దానికి మోటారు, బ్యాటరీ ఉండవు. లోపలి రబ్బరు సంచి సాగి ఉంటుంది, అది ముడుచుకుంటూ మందును నెడుతుంది. గొట్టం చివర ఒక చిన్న గట్టి ముక్క ఉంటుంది, వేగాన్ని నిర్ణయించేది అదే. చాలా మోడళ్లలో దాన్ని చర్మానికి ఆనించి టేపు వేస్తారు, శరీరం వేడికి లెక్కగట్టి తయారు చేశారు కాబట్టి. ఆ టేపు ఊడి ముక్క గాలిలో వేలాడితే లెక్క తప్పుతుంది.

మందు వేడెక్కితే పలచబడి తొందరగా పారుతుంది, ఒక్కో డిగ్రీకి వేగం 2 శాతం పైచిలుకు మారుతుంది. మే నెలలో మన దగ్గర 42, 44 డిగ్రీలు దాటే మధ్యాహ్నాల్లో బస్సు కిటికీ పక్కన ఎండ పడేలా పంపును ఒళ్లో పెట్టుకుంటే ఏమవుతుందో ఊహించండి. పలచటి నూలు సంచిలో వేసి, చీర కొంగు లోపల, దాదాపు పోర్టు ఎత్తులోనే ఉంచండి. మెడలోంచి వేలాడే సంచిలో మోకాళ్ల దాకా జారనీయవద్దు, ఎత్తు మారినా వేగం మారుతుంది. కూలరు గాలి సూటిగా దాని మీద పడితే నెమ్మదిస్తుంది. ఐసు గడ్డలు, తడి గుడ్డ చుట్టడం అసలే వద్దు. ఆక్సాలిప్లాటిన్ ఎక్కిన కొన్ని రోజులు అమ్మకు చల్లటిది తాకితేనే వేళ్లు తిమ్మిరెక్కుతాయి, గొంతు పట్టేసినట్టవుతుంది. ఫ్రిజ్ నీళ్లు, కుండలో మరీ చల్లబడ్డ నీళ్లు కూడా వద్దు.

బస్సు కన్నా రైలు నయం. సికింద్రాబాద్ నుంచి కాజీపేట, వరంగల్ దాకా కూర్చుని రావచ్చు, కుదుపు తక్కువ. బస్సే తప్పదంటే ఎండ పడని పక్క సీటు చూసుకోండి. సంచి ఎడమ భుజానికే.

డేకేర్_సిస్టర్

ఇంకొంచెం నేను. పంపు తగిలించిన టైము కాగితం మీద రాసుకోండ్రి. సోమవారం సాయంత్రం 4కు పెడితే బుధవారం మధ్యాహ్నం 2కు 46 గంటలు. మొదటి కొన్ని గంటలు సంచి తగ్గినట్టు కండ్లకు కనబడదు, ఆగిపోయిందని భయపడకుండ్రి. క్లాంపు తెరిచే ఉందా, గొట్టం ఎక్కడన్న మడతపడిందా చూసి, పొద్దున మళ్ల చూడుండ్రి. ఆసుపత్రోళ్లు చెప్పిన టైము కన్నా చాలా ముందే ఖాళీ అయితే, అమ్మకు ఏ ఇబ్బంది లేకున్నా, ఆ నిమిషమే ఫోన్ చేయాలె. ఫ్లోరోయురాసిల్ ఎక్కువైనందుకు యురిడిన్ ట్రైఎసిటేట్ అనే విరుగుడు ఉంది, 96 గంటల లోపల మొదలుపెట్టాలె. లక్షణాలు వచ్చినంక పోదాం అనుకుంటే టైము దాటిపోతది.

సూది చుట్టూ మండినా, ఉబ్బినా, తడిగ అనిపించినా ముందు క్లాంపు వేసి ఫోన్ చేయండ్రి. సూది మీరు తీయకుండ్రి, కారిన మందును నర్సు ఆ సూదికెల్లే వెనక్కి గుంజాల్సి ఉంటది. సూది దానంతట అదే ఊడొస్తే మళ్ల గుచ్చే ప్రయత్నం వద్దు. క్లాంపు వేసి, శుభ్రమైన గాజ్ గుడ్డతోటి ఒత్తి పట్టాలె. మందు కిందపడితే గ్లౌజు వేసుకుని పాత గుడ్డతోటి అద్ది, రెండు కవర్లల్ల మూట కట్టాలె. ఒంటి మీద పడితే సబ్బునీళ్లు, కంట్ల పడితే 15 నిమిషాలు ధారగ నీళ్లు పోసి ఆసుపత్రికి. పంపు నడిచేటప్పుడు, అది తీసినంక రెండు రోజులు అమ్మ బట్టలు విడిగ ఉతకాలె, లెట్రిన్ల నీళ్లు రెండుసార్లు పోయాలె.

తీయించుకోవడానికి మళ్ల హైదరాబాద్ పోనవసరం లేదు. ముందే అడిగి, పంపు తీసే పద్ధతి ఆసుపత్రి లెటర్ మీద రాయించుకుని, హనుమకొండల పోర్టు తెలిసిన డేకేర్‌ల మాట్లాడి పెట్టుకోండ్రి. క్లాంపు, పంపు విప్పుడు, 20 సెలైన్, హెపారిన్ లాక్, పోర్టును రెండు వేళ్లతో అదిమిపట్టి సూది నిలువుగ పైకి, రెండు మూడు నిమిషాలు ఒత్తుడు. 20 నిమిషాల పని. ఖాళీ పంపును ఇంటి చెత్తల వేయొద్దు. అది పసుపు కవర్ల పోవాలె, సూది తెల్ల డబ్బాల పోవాలె. ఆ రెండూ ఆసుపత్రిలనే ఉంటయి.

జంపన్న_వాగు (ములుగు)

పోర్టు ఉన్నోళ్లు వాగుల మునుగుడు, పొలం పని చేయొచ్చా? మా దిక్కు అందరూ ఇదే అడుగుతున్నరు.

కోత_కుట్టు

గాటు పూర్తిగా మానాక, సూది లేనప్పుడు, చర్మం మూసుకుని ఉంటుంది కాబట్టి స్నానానికి పోర్టు అడ్డు కాదు. సూది ఉన్నప్పుడు మునక లేదు. ప్లాస్టిక్ కవరు కట్టుకుని మునిగినా నీళ్లు లోపలికి పోతాయి. మేడారం జాతరప్పుడు జంపన్న వాగులో స్నానం అంటే సంగతి వేరు, పోర్టుకు ఏమీ కాకపోయినా తెల్లకణాలు తగ్గి ఉన్న రోజుల్లో లక్షల మంది మునిగిన నీళ్లు, ఆ రద్దీ రెండూ ప్రమాదమే. కీమో తర్వాత 7 నుంచి 14 రోజుల మధ్య ఆ కణాలు అట్టడుగున ఉంటాయి. తల మీద నీళ్లు చల్లుకుని మొక్కు తీర్చుకోండి, బెల్లం మూట ఇంట్లో ఇంకొకరు మోస్తారు.

పొలం పనుల్లో నాకు భయం కలిగించేది వీపుకు తగిలించుకుని పురుగుమందు కొట్టే తైవాన్ పంపు. 16, 20 లీటర్ల డబ్బా బరువంతా పట్టీల మీద పడుతుంది, ఆ పట్టీ సరిగ్గా పోర్టు మీదే కూర్చుంటుంది. గంటల తరబడి ఒరిస్తే చర్మం అరిగి పోర్టు బయటపడుతుంది, బయటపడ్డ పోర్టును తీసేయడం తప్ప దారి లేదు. పురుగుమందు కొట్టడం ఎలాగూ ఆ రోజుల్లో మానాలి. పత్తి ఏరేటప్పుడు మెడకు కట్టే ఒడి సంచి కూడా అంతే, నడుముకు కట్టుకోండి. బతుకమ్మ ఆడొచ్చు, చప్పట్లు కొట్టడానికి, వంగి లేవడానికి ఏమీ అడ్డు లేదు.

కోట_వీధి

ఆడవాళ్లకు ఇంకొకటి. బ్రా పట్టీ, నల్లపూసల కొండి, చీర పిన్ను ఈ మూడూ పోర్టు మీద పడకుండా చూసుకోవాలి. పోర్టు కుడి పక్క, పవిట ఎడమ భుజం మీద ఉంటుంది కాబట్టి చీరకు ఇబ్బంది ఉండదు. కీమో రోజున ముందు హుక్కులున్న జాకెట్టు వేసుకుంటే విప్పే పని తగ్గుతుంది. కారులో బెల్టు పోర్టు మీదుగా పోతే మధ్యలో మెత్తటి చిన్న టవల్ మడత పెట్టండి, బెల్టు మాత్రం తీయకండి. సూది నొప్పికి భయపడేవాళ్లకు లిగ్నోకైన్, ప్రిలోకైన్ కలిసిన క్రీము ఉంది. గంట ముందు మందంగా రాసి పైన పారదర్శక ప్లాస్టరు వేసి, సూదికి ముందు పూర్తిగా తుడవాలి. దారి గంటల తరబడి అయితే ఇంటి దగ్గర కాదు, ఆసుపత్రికి చేరాక రాయండి.

ఎక్స్‌రే_గది (రేడియాలజీ టెక్నీషియన్, కాజీపేట)

సీటీ స్కాన్‌లో రంగు మందు మిషనుతో వేగంగా నెడతాం. అన్ని పోర్టులూ ఆ ఒత్తిడిని తట్టుకోవు. పవర్ పోర్టు అయితేనే, పవర్ రకం హ్యూబర్ సూదితోనే, సెకనుకు 5 మిల్లీలీటర్లు, 300 పీఎస్‌ఐ దాటకుండా ఇవ్వొచ్చు. పోర్టు పవర్ రకమైనా సూది మామూలుదైతే కుదరదు. కార్డు లేకపోతే ఛాతీ ఎక్స్‌రేలో చాలా పవర్ పోర్టుల మీద సీటీ అన్న ఇంగ్లిష్ అక్షరాలు కనిపిస్తాయి. ఏదీ తేలకపోతే చేతి నరంలోంచే ఇస్తాం, అప్పుడు మమ్మల్ని తొందరపెట్టవద్దు. ఎంఆర్‌ఐకి ఇప్పటి టైటానియం, ప్లాస్టిక్ పోర్టులు మామూలుగా ఇబ్బంది పెట్టవు, అయినా కార్డు చూపించాలి.

మానేరు_గట్టు

ఫ్లష్ చేసినంక అరగంటకు చలి పెట్టి వణుకు వచ్చింది, తర్వాత జ్వరం. పారాసిటమాల్ ఏస్తే తగ్గింది. పట్టించుకోవాల్నా?

డేకేర్_సిస్టర్

అన్నా, ఇది ఇప్పుడే. రేపటిదాకా ఆగొద్దు. ఫ్లష్ చేసిన గంట లోపల వణుకు వచ్చిందంటే పోర్టు లోపల క్రిములు ఉండి, సెలైన్‌తోటి రక్తంలకు నెట్టబడినయని అనుమానించాలె. పైన చర్మం ఎర్రగ లేకున్నా సరే, లోపలి ఇన్‌ఫెక్షన్ బయటికి కనబడదు. పారాసిటమాల్ అంకెను దించింది గంతే.

కీమోల ఉన్నోళ్లకు 100.4 ఫారెన్‌హీట్ వస్తే అది ఎమర్జెన్సీ. దగ్గరున్న పెద్దాసుపత్రికి పోవాలె, వరంగల్ దగ్గరోళ్లయితే ఎంజీఎం క్యాజువాలిటీ, మీరు కరీంనగర్ దగ్గర. దూరమైతే 108. అక్కడ మొదట చెప్పే మాట: "కీమో నడుస్తంది, ఫలానా తేదీకి అయింది, పోర్టు ఉంది, జ్వరం ఇంత." చేరిన గంట లోపల యాంటీబయాటిక్ పడాలె. అది చేతి నరంలకెల్లి ఇయ్యొచ్చు, హ్యూబర్ సూది లేదని ఆగొద్దు, మామూలు సూదితోటి పోర్టు గుచ్చనీయొద్దు. ముందు రక్తం (క్రిములు పెంచి చూసే) కల్చర్‌కు తీస్తరు, కుదిరితే పోర్టుకెల్లి ఒకటి, చేతికెల్లి ఒకటి, ఒకే టైముకు, ఒకే అంత రక్తం. పోర్టు సీసాల క్రిములు చేతి సీసా కన్నా 2 గంటలో అంతకన్నా ఎక్కువో ముందు పెరిగితే జబ్బు పోర్టులనే ఉన్నట్టు. ఏ క్రిమి అన్నదాన్ని బట్టి పోర్టు కాపాడుడా, తీసుడా నిర్ణయిస్తరు. ఫంగస్, స్టెఫైలోకాకస్ ఆరియస్ అయితే ఎక్కువగ తీసేస్తరు.

మానేరు_గట్టు

బయలుదేరుతున్నం సిస్టర్.

కోత_కుట్టు

మంచిది. ఆ పోర్టును కల్చర్ రిపోర్టు వచ్చేదాకా వాడవద్దని చెప్పండి. కేస్ షీటు మీద రాయించండి, డ్యూటీ మారితే నోటిమాట చేరదు.

మందుల_లెక్క

ల్యాబు రక్తం గురించి కూడా. పోర్టులోంచి తీస్తే మొదటి 5 మిల్లీలీటర్లు పారేసి తర్వాతది శాంపిల్‌కు పంపాలి, కల్చర్‌కు మాత్రం ఆ మొదటిదే కావాలి. గడ్డకట్టే పరీక్షలకు పోర్టు రక్తం ఇవ్వొద్దు. హెపారిన్ ఆనవాళ్లు మిగిలి రిపోర్టు తప్పుగా వస్తుంది, చేతి నుంచే తీయించండి.

పాకాల_ఒడ్డు

అన్ని రాసుకున్న. ఒకటే మిగిలింది. 12 అయినంక పోర్టు ఎప్పుడు తీస్తరు? హనుమకొండకు పోయేటప్పుడు సామాను మేమే కొనుక్కపోవాల్నా?

కోత_కుట్టు

చివరి కీమో తర్వాత మొదటి స్కాన్, రక్త పరీక్షలు చూసి ఆంకాలజిస్టు చెబుతారు. కొందరికి వెంటనే, తిరగబెట్టే అవకాశం ఎక్కువున్నవాళ్లకు ఏడాది రెండేళ్లు ఉంచుతారు. తీయడం చిన్న పని, ఆ చోట మత్తు ఇచ్చి అరగంటలో అవుతుంది. ప్లేట్‌లెట్లు 50000 పైన ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడుతుంటే ముందే చెప్పాలి.

డేకేర్_సిస్టర్

చాలా చోట్ల సామాను బయటకెల్లే తెమ్మంటరు, ముందే ఫోన్ చేసి అడుగుండ్రి. పంపు తీసుడుకు సూది ఎట్లాగూ లోపలే ఉంటది కాబట్టి కొత్తది అక్కర్లేదు. 10 మిల్లీలీటర్ల సిరంజిలు నాలుగు, సెలైన్ 100 మిల్లీలీటర్ల సీసా ఒకటి, హెపారిన్ సీసా, స్టెరైల్ గ్లౌజు రెండు జతలు, గాజ్ గుడ్డ, చిన్న డ్రెస్సింగ్ చాలు. వేరే రోజు ఫ్లష్‌కు పోతే హ్యూబర్ సూది కొనాలె, 20 లేదా 22 గేజ్. పొడుగు ఎంతన్నది మొదటి కీమో రోజు సూది ప్యాకెట్ మీద చూసి కార్డు వెనుక రాసి పెట్టుకోండ్రి. హ్యూబర్ సూది అన్ని మెడికల్ షాపులల్ల దొరకదు, ఎంజీఎం ఎదురుంగ, హనుమకొండల పెద్ద షాపులల్ల ముందురోజే అడిగి చూడుండ్రి.